తెర మీది సన్యాసి

కవిటి,
20 జనవరి 2009

తమ్ముడు షాలేమ్ రాజుకి, అక్క ప్రేమకుమారి దీవెనలు.

నీ పార్సిల్ పలాస స్టేషన్లో నాలుగు రోజులు పడి ఉందట. మీ బావ జీడి ఫ్యాక్టరీ నుంచి వస్తూ తెచ్చారు. పెట్టె విప్పి అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటే ఇది, మీ తమ్ముడు బడిపిల్లల పలక పంపినాడు" అన్నారు. మద్రాసు హోటల్లో వేలితో తెర ముట్టుకుంటే ఇడ్లీలూ దోశలూ బిల్లు రాసుకున్న యంత్రం ఇక మా క్లినిక్‌లో కిడ్నీ రోగుల బరువులూ, వాళ్ళు తాగిన నీళ్ళ గ్లాసులూ రాసుకుంటుందంటే నాకు నవ్వొచ్చింది. అయినా నువ్వు గుర్తుపెట్టుకుని బాగుచేసి పంపావు. సంతోషం.

ఇక తిట్లు మొదలుపెడతాను. ముప్పై ఏడుగురు రోగులు, నర్సుని నేనొక్కదాన్ని. వాళ్ళ ఫోటో వాళ్ళే ముట్టుకుని, బరువు వాళ్ళే కొట్టుకుంటే నాకు చెయ్యి ఖాళీ అవుతుందని కదా నీతో చెప్పుకున్నాను. మొదటి రోజే పైడమ్మ వచ్చింది. కొబ్బరి పీచు తీసి తీసి ఆమె వేళ్ళు మొద్దుబారిపోయాయి. "ముట్టుకోమ్మా" అంటే, రేషను కాగితం మీద ముద్ర వేసినట్టు బొటనవేలు ఆనించి ఎడమ నుంచి కుడికి దొర్లించింది. ఆమె ఫోటో వేలితో పాటు జారుకుంటూ పోయి మూలనున్న చెత్తబుట్ట బొమ్మలో పడింది. సాయంత్రానికి పదకొండు మంది చెత్తబుట్టలో ఉన్నారు. వీళ్ళందరికీ వేలు పెట్టడమంటే ముద్ర వెయ్యడమే. ఈ వయసులో వేరేగా నేర్పలేను. యంత్రమే నేర్చుకోవాలి.

ఇంకొకటి. కొబ్బరికాయ బొమ్మ పెట్టి సన్యాసి అని ఒకడు ఉన్నాడు తెర మీద. ఎవడు వాడు? మా రోగుల్లో ఆ పేరు వాళ్ళెవరూ లేరు.

అసలు సంగతికి వస్తాను. నీ రక్తం రిపోర్టు అందింది. క్రియాటినిన్ 0.9, కిడ్నీలు శుభ్రంగా ఉన్నట్టే. కాగితం పట్టుకుని నేనే భాస్కరరావు గారింటికి వెళ్ళాను. వీధికి నలుగురు కిడ్నీ రోగులున్న మన ఉద్దానంలో ఇప్పుడు సంబంధమంటే ముందు అడిగేది ఇదే కదా. మన చర్చి సంఘపెద్ద అయినా ఆయనా అడిగారు. తప్పు లేదు. ఆయన భార్యని నాలుగేళ్ళు ఇదే రోగంతో విశాఖపట్నం తిప్పారు. తిప్పింది వాళ్ళమ్మాయి ఫ్లోరెన్సే. బడిలో పాఠం చెప్పి, వారానికి రెండుసార్లు రైలెక్కి, తల్లిని డయాలసిస్ మంచం మీద పడుకోబెట్టి పక్కన కూర్చునేది. ఆ పిల్ల నాతో ఒకటే మాట అంది. "వొదినా, నల్లోడైనా, కోపిష్టోడైనా పరవాలేదు. ఆ రోగం ఉన్నోడు మాత్రం వొద్దు. మళ్ళీ ఆ రైలు ఎక్కలేను." నేను ఆమె చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను. కాబట్టి ప్రధానానికి ఫిబ్రవరి పద్దెనిమిదిన వచ్చేయ్, సాకులు చెప్పకు.

నీ యంత్రం సంగతి కాగితం మీదే రాయి. ఫోన్లో నువ్వు చుక్క అంటే నేను గీత కొట్టాను, అదేదో నల్లగా అయిపోయి కూర్చుంది.

నీ అక్క,
ప్రేమ


చెన్నై,
28 జనవరి 2009

అక్కకి నమస్కారాలు. బావని అడిగానని చెప్పు.

పైడమ్మ బొటనవేలి సంగతి చదివి మా కంప్యూటర్ల షాపులో అందరికీ చెప్పాను. ఇక్కడ యంత్రాలు చేసే వాళ్ళెవరూ అది ఊహించరు. నేను ఉద్దానం వాడినై ఉండి ఊహించకపోవడం నా బుద్ధి తక్కువ.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. లోపల యంత్రాన్ని నడిపించే లినక్స్ ఒకటే. కానీ తెర మీద బొమ్మలు ఎక్కడుండాలి, ముట్టుకుంటే ఏం జరగాలి, కిటికీలు ఎలా తెరుచుకోవాలి అని చూసుకునే భాగం వేరే ఉంటుంది. దాన్ని డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. ఇల్లు అదే, వాకిలి మార్చుకోవచ్చు. నేను పంపిన దాంట్లో ఉన్నది గ్నోమ్ అనే వాకిలి. అది మౌస్ పట్టుకునే వాళ్ళ కోసం చేసింది. రెండుసార్లు నొక్కితే తెరుచుకుంటుంది, నొక్కి లాగితే బొమ్మ కదులుతుంది. మూసే గుర్తు ఆవగింజంత. వేలితో పని కాదు.

ఈ కవరులో పెన్‌డ్రైవ్ ఉంది. దీంట్లో కేడీఈ అనే ఇంకో వాకిలి పెట్టాను. ఒక్కసారి ముట్టుకుంటే చాలు, తెరుచుకుంటుంది. బొమ్మలు పెద్దవి చేశాను. పెన్‌డ్రైవ్ గుచ్చి ఆన్ చెయ్యి, మిగతాది అదే చూసుకుంటుంది. మీ రోగుల లెక్క యంత్రంలోనే ఉంటుంది, చెరిగిపోదు.

సన్యాసి ఎవడూ కాదు. గ్రాఫు సరిగ్గా గీస్తోందో లేదో చూసుకోవడానికి ఒక నమూనా మనిషి కావాలి కదా. నోటికొచ్చిన పేరు పెట్టి, చేతికొచ్చిన అంకెలు వేశాను. పట్టించుకోకు.

ప్రధానానికి వస్తాను. సెలవు మూడు రోజులే దొరికింది. కానీ అక్కా, ఇంత తొందరేమిటి? ఫ్లోరెన్స్ గారు మంచివారని నాకూ తెలుసు. ఒక ఏడాది ఆగితే ఏం పోతుంది? నాకిక్కడ గది కూడా సరైంది లేదు. కవిటి వాడే, లోకనాథ్ అని, అతనితో కలిసి ఒక చిన్న గదిలో ఉంటున్నాను. ఆలోచించు.

షాలేమ్


కవిటి,
6 మార్చి 2009

ఒరే షాలేమ్,

ప్రధానం అయి రెండు వారాలైంది. క్షేమంగా చేరానని రెండు ముక్కలు రాయడానికి నీకు చేతులు రాలేదు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. సరే, నేనే రాస్తున్నాను.

ముందు నీ కేడీఈ సంగతి. ఆన్ చేశాక అది లేచేలోపు నేను ఇద్దరికి బీపీ చూసేస్తున్నాను. చూడ్డానికి అందంగానే ఉంది, కాదనను. కానీ బొమ్మ మీద వేలు ఎక్కువసేపు ఆనితే పక్కన ఏవో పిడుల్లాంటివి వస్తున్నాయి. వాటికి వేలు తగిలిందంటే ఫోటో గిర్రున తిరుగుతోంది. పైడమ్మ ముద్ర వేసింది, ఆమె ముఖం తలకిందులైంది. "బతికుండగానే తలకిందులు సేసినారేటమ్మా" అని కూలబడిపోయింది. ముసలి దాలమ్మ అయితే అది అపశకునమని మూడు రోజులు క్లినిక్ గడప తొక్కలేదు. నేను వాళ్ళింటికి వెళ్ళి బతిమాలి తీసుకొచ్చాను. ఇంత హంగు మాకెందుకు? ముఖం కదలకూడదు, తిరగకూడదు, పారిపోకూడదు. ముట్టుకుంటే తెరుచుకోవాలి. అలాంటి వాకిలి లేదా మీ లోకంలో?

ఇక నీ సంగతి. ప్రధానం నాడు నీ ముఖం చూసి నాకు సిగ్గేసింది. అందరూ నవ్వుతుంటే నువ్వు గోడ చూస్తూ కూర్చున్నావు. ఆ పిల్ల వడ్డిస్తే కాదనలేక ఎండుచేపల పులుసు రెండుసార్లు వేయించుకున్నావు, అది ఒక్కటే నాకు తృప్తి. ఎండలో తిరిగొచ్చి కూడా గ్లాసు నీళ్ళు ముట్టలేదు. మన ఊరి నీళ్ళు నీకిప్పుడు పనికిరావా? పాస్టరు గారు పెళ్ళి తేదీ అడిగితే "ఒక ఏడాది" అని గొణిగావు. భాస్కరరావు గారు నా వైపు చూశారు. ఆయన చూపులో ఏముందో నాకు తెలుసు, నాకున్న అనుమానమే.

సూటిగా అడుగుతున్నాను. మద్రాసులో ఎవరైనా ఉన్నారా? ఉంటే ఇప్పుడే చెప్పు. తిడతాను, ఏడుస్తాను, తర్వాత భాస్కరరావు గారి కాళ్ళు పట్టుకుంటాను. కానీ ఉంగరం తొడిగాక ఆ పిల్లని నలుగురిలో నిలబెట్టావంటే మాత్రం నిన్ను క్షమించను. ఫ్లోరెన్స్ రోజూ బడి అయ్యాక క్లినిక్‌కి వచ్చి నాతో పాటు రోగులకి ఈ తెర నేర్పుతోంది. నువ్వు పంపిన వస్తువని మెత్తటి గుడ్డతో తుడిచి పెడుతోంది. అది చూసినప్పుడల్లా నీ మీద కోపం వస్తోంది.

ప్రేమ


చెన్నై,
17 మార్చి 2009

అక్కా,

మద్రాసులో ఎవరూ లేరు. బైబిలు మీద ప్రమాణం చెయ్యమంటే చేస్తాను. ఆ ఒక్క విషయంలో నన్ను నమ్ము.

కేడీఈ మీ యంత్రానికి బరువైంది, ఒప్పుకుంటాను. ఈసారి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే చిన్న వాకిలి పెట్టాను. ఇది తేలిక. హంగులుండవు. దాని మీద నేనే ఒక చిన్న ప్రోగ్రాము రాసి కూర్చోబెట్టాను. ఆన్ చెయ్యగానే తెర నిండా ఫోటోలే వస్తాయి, పేజీకి ఆరు. ఏవీ కదలవు. వేలు పెట్టిన చోట కాక, వేలు ఎత్తిన చోట లెక్కలోకి తీసుకోవాలా అని మూడు రోజులు ఆలోచించాను. చివరికి వేలు మొదట ఎక్కడ తగిలిందో అదే లెక్క అని రాశాను. ఇక పైడమ్మ ఎంత దొర్లించినా పైడమ్మే తెరుచుకుంటుంది. అంకెల బదులు గ్లాసు బొమ్మలు పెట్టాను, ఎన్ని తాగితే అన్ని ముట్టుకోవాలి.

కానీ ఒక మార్పు చేశాను. ఫోటో ముట్టుకోగానే నాలుగంకెల తాళం అడుగుతుంది. ఎవరి తాళం వాళ్ళకే తెలియాలి. క్లినిక్ అరుగు మీద పదిమంది కూర్చుంటారు. ఒకరి రోగం ఇంకొకరు ఎందుకు చూడాలి? ఎవరి బాధ వాళ్ళు దాచుకునే హక్కు వాళ్ళకుండదా? ఇది మాత్రం తియ్యమనకు.

పెళ్ళి గురించి మళ్ళీ అడుగుతున్నాను. వచ్చే ఏడాదికి పెట్టించు. కారణం అడక్కు. నువ్వు నా కోసం ఎన్నో చేశావు, ఇది కూడా చెయ్యి.

షాలేమ్


కవిటి,
2 ఏప్రిల్ 2009

షాలేమ్,

ఎక్స్‌ఎఫ్‌సీఈ బాగుంది. ఇదే ఉంచేద్దాం. పైడమ్మ ముద్ర వేసింది, పైడమ్మే వచ్చింది. "ఇదిగో, ఇప్పుడు దీనికి బుద్దొచ్చినాది" అంది. ఫ్లోరెన్స్ చప్పట్లు కొట్టింది.

తాళం మాత్రం కుదరదు. ముప్పై ఏడుగురిలో ఇరవై ఎనిమిది మంది తాళం మర్చిపోయారు. మిగతా తొమ్మిది మంది అరిచి ఒకరికొకరు చెప్పుకున్నారు. ఇక్కడ ఎవరి క్రియాటినిన్ ఎంతో ఊరందరికీ తెలుసురా. తెలియాలి కూడా. దాచుకున్న వాళ్ళే ముందు పోతున్నారు, అది నర్సుగా నేను కళ్ళారా చూస్తున్నాను. తాళం తీసేసి పంపు.

పెళ్ళి మే ఏడున. నీ జాబు వచ్చాకే నిర్ణయించాం. కారణం చెప్పని వాయిదాకి భాస్కరరావు గారు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. ఈస్టరు వెళ్ళాక ఏప్రిల్ పందొమ్మిది, ఇరవై ఆరు, మే మూడు, ఈ మూడు ఆదివారాలూ గుడిలో పెళ్ళి ప్రకటన చదువుతారు. ఎవరికైనా అభ్యంతరముంటే లేచి చెప్పమంటారు. నీకు మద్రాసులో ఎవరూ లేకపోతే లేచేవాళ్ళూ ఉండరు. నాలుగు రోజులు ముందుగా రా.

ప్రేమ


చెన్నై,
10 ఏప్రిల్ 2009

అక్కా,

తాళం తీసేశాను. పెన్‌డ్రైవ్ నిన్ననే వేరే కవరులో పంపేశాను. ఇదే ఆఖరుది, ఇక మార్పులుండవు.

నన్ను అడక్కుండానే తేదీ పెట్టించావు. బాగుంది. నా పెళ్ళికి నా మాట అక్కర్లేకపోయింది.

ఒక చిన్న పని చెయ్యి. అది గుచ్చగానే సన్యాసిని తీసేయ్. ఈ కాగితం వెనక రాసిన వరుస ఒక్క అక్షరం తప్పకుండా కొట్టు. తొందరలో నేను తియ్యడం మరిచాను. లోపల చూడనక్కర్లేదు, చెత్త అంకెలు.

షాలేమ్


కవిటి,
18 ఏప్రిల్ 2009, శనివారం

షాలేమ్ రాజుకి,

సన్యాసిని నేను తీసెయ్యలేదు. కొత్తగా వచ్చిన రోగులకి ముందు ఆ కొబ్బరికాయ బొమ్మ మీదే నేర్పిస్తున్నాం, తప్పు నొక్కినా ఎవరికీ నష్టం లేదు కదా అని. నిన్న పోలారావు అని ఒకాయన కొత్తగా వచ్చాడు. ఆయన చేత సన్యాసిని నొక్కించాను. గ్రాఫు తెరుచుకుంది. నీ తాళం లేదు కదా, ఒక్క వేలికే తెరుచుకుంది.

పదమూడేళ్ళుగా నేను ఈ గ్రాఫులు చేత్తో గీస్తున్నానురా. అబద్ధపు అంకెలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. క్రియాటినిన్ జనవరిలో 2.6. ఫిబ్రవరిలో 3.1. మార్చిలో 3.9. ఏప్రిల్ మొదట్లో 4.4. చేతికొచ్చిన అంకెలు వేసేవాడు ఇంత వరుసగా వెయ్యడు. రోజూ ఉదయం బరువు, రోజూ నాలుగు గ్లాసులు, ఒక్కో రోజు అయిదు. తొమ్మిదో తారీఖు దాకా ఉంది. పదో తారీఖున నువ్వు నాకు జాబు రాశావు.

అప్పటికీ నాకు తట్టలేదు. పోలారావు ఇంటికి వెళ్ళిపోయాడు. నేను ఊరికే వెనక్కి తిప్పి చూశాను. జనవరి నుంచి ఒక్క రోజు కూడా ఖాళీ లేదు, మూడు రోజులు తప్ప. ఫిబ్రవరి పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది. ఇరవయ్యో తారీఖున సన్యాసి బరువు రెండు కిలోలు పెరిగింది. ఆ మూడు రోజులు నువ్వు నా ఇంట్లో ఉన్నావు. ఎండుచేపల పులుసు నేనే వండాను, ఉప్పు నేనే వేశాను.

క్లినిక్‌లో ఎవరూ లేరు.  రిపోర్టులు చూసి ఎంతో మందికి మెల్లగా చెప్పినదాన్ని, ఎవరి ముందూ ఏడవని దాన్ని, నిన్న ఏడ్చాను. ముందు నీ కోసం ఏడ్చాను. 4.4 అంటే డయాలసిస్ మంచానికి ఎంత దగ్గరో నాకు తెలుసు. ఆ తర్వాత 0.9 కాగితం గుర్తొచ్చింది. దాన్ని నేను ప్లాస్టిక్ కవరులో పెట్టి, తల ఎత్తుకుని భాస్కరరావు గారింటికి తీసుకెళ్ళాను. అది ఎవరి రక్తంరా? నా చేత ఎవరి రక్తం మోయించావు?

నువ్వు నాకు అబద్ధం చెప్పి ఉంటే ఓర్చుకునేదాన్నేమో. నా నోటితో ఆ పిల్లకి చెప్పించావు. ఆమె అడిగింది ఒకే ఒక్కటి. ఆ ఒక్కటీ నీకు తెలుసు, నేనే రాశాను. తెలిసే ఉంగరం తొడిగావు. మద్రాసు అమ్మాయి ఉంటే బాగుండేదనిపిస్తోంది నాకిప్పుడు.

నిన్నటి నుంచి పదిహేనుసార్లు ఫోను చేశాను. ఆపేసి ఉంది. రేపు మొదటి ప్రకటన. ఇది అందగానే బయలుదేరు, లేదా భాస్కరరావు గారికి నువ్వే రాయి. నీ నోటితో చెప్పుకునే అవకాశం ఇస్తున్నాను. నా అంతట నేను చెప్పే గతి నాకు పట్టించకు.

ప్రేమకుమారి


చెన్నై,
27 ఏప్రిల్ 2009

అక్కా,

నీ జాబు వచ్చి అయిదు రోజులైంది. నాలుగుసార్లు రాసి చింపేశాను.

అవును, సన్యాసి నేనే. అక్టోబరులో కాళ్ళు వాచాయి. షాపులో నిలబడలేకపోతే లోకనాథ్ తీసుకెళ్ళి పరీక్ష చేయించాడు. కాగితం చూడగానే ఇదే రోగంతో మంచం పట్టిన నాన్న గుర్తొచ్చారు. ఎవరికీ చెప్పలేదు. మీ కోసం రాస్తున్న ప్రోగ్రాములోనే నా అంకెలు కూడా వేసుకోవడం మొదలుపెట్టాను. కొత్త పెన్‌డ్రైవ్ చేసినప్పుడల్లా అవీ అందులోకి వచ్చేశాయి. ఏ పేరు పెట్టుకోను? నా పేరు కొట్టడానికి చేతులు రాలేదు. నువ్వు రిపోర్టు పంపమన్న రోజు లోకనాథ్ నా పేరు చెప్పి తన చెయ్యి చాపాడు. ల్యాబులో వాళ్ళకేం తెలుస్తుంది. తప్పు అతనిది కాదు, నేనే బతిమాలాను.

ఎందుకు చేశావని అడుగుతావు. రెండేళ్ళ కిందట క్రిస్మస్ కూడికలో ఫ్లోరెన్స్ గారు పిల్లల చేత పాట పాడిస్తుంటే చూశాను. నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వు ఆమె పేరు రాసిన జాబు వచ్చినప్పుడు కాదనడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. ఏడాది ఆగమన్నాను. మందులకి తగ్గితే తగ్గుతుంది, లేకపోతే ఏదో వంకతో తప్పుకుందామనుకున్నాను. నువ్వు ఆగలేదు. తాళం పెట్టాను, తీయించావు. సన్యాసిని తీసెయ్యమన్నాను, అదీ చెయ్యలేదు.

ఇంకొక మాట. నువ్వు ఇంత నీతి మాట్లాడుతున్నావు కాబట్టి రాస్తున్నాను. బావ వాళ్ళు నిన్ను చూసుకోవడానికి వచ్చిన రోజు నాకు పదకొండేళ్ళు. నాన్న కాళ్ళు స్తంభాల్లా వాచి ఉన్నాయి. మలేరియా అని చెప్పి, ఎర్రటి ఎండాకాలంలో ఆయన కాళ్ళ మీద దుప్పటి కప్పింది నువ్వు. నేను పక్కనే ఉన్నాను. రోగం దాచి పెళ్ళి చేసుకోవడం ఎక్కడ నేర్చుకున్నానో ఇప్పుడు తెలిసిందా?

మూడో ప్రకటన కూడా అయిపోనీ. పెళ్ళయ్యాక నేనే ఆమెకు చెప్పుకుంటాను. కాళ్ళ మీద పడతాను. ఆమె మంచి మనిషి, తల్లిని చూసినట్టే నన్నూ చూస్తుంది. నువ్వు గుడిలో లేచి నిలబడ్డావంటే మాత్రం ఇక నాకు అక్క లేదు.

షాలేమ్


కవిటి,
4 మే 2009

షాలేమ్,

నీ జాబు శుక్రవారం అందింది.

దుప్పటి నేనే కప్పాను. అప్పుడు ఆ రోగానికి పేరు కూడా మనకు తెలియదని, అది నాన్న ఒళ్ళే గాని పెళ్ళికొడుకు ఒళ్ళు కాదని నాకు నేను చెప్పుకోవచ్చు. చెప్పుకోను. తప్పే. నీ జాబు చదివిన వెంటనే మీ బావకి అంతా చెప్పేశాను. ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, "తెలుసులేవే. మే నెలలో కాళ్ళకి దుప్పటెవులు కప్పుకుంతారు" అన్నారు. పద్నాలుగేళ్ళు తెలిసీ ఒక్కమాట అనలేదు ఆ మనిషి. దాంతో నాకు కొంచెం ధైర్యం వచ్చింది. నిజం చెబితే మనుషులు ఓర్చుకుంటారనుకున్నాను.

శనివారం ఉదయం ఫ్లోరెన్స్ వాళ్ళింటికి వెళ్ళాను. నలుగురి ముందు గుడిలో వినే కర్మ ఆ పిల్లకి వద్దనుకున్నాను. కొబ్బరి చెట్ల కింద మంచం వేసి పెళ్ళి చీరకి అంచు కుడుతోంది. సూది పక్కన పెట్టమని చెప్పి, మొదటి నుంచీ చెప్పాను. నీ అంకెలు, ఆ మూడు ఖాళీ రోజులు, ఎవరి రక్తమో, అన్నీ. నువ్వు రెండేళ్ళ కిందట ఆమెను చూశావని కూడా చెప్పాను. అది నీ తరఫున చెప్పాల్సిన మాట అనిపించింది.

ఆమె ఏడవలేదు. చీర మడత పెట్టింది. ఆ తర్వాత అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది వొదినా?"

పదిహేడో తారీఖున అన్నాను.

"పందొమ్మిదిన నా పక్కనే కూసున్నావు" అంది. "ఇరవయ్యారున పాస్టరు గారు మా పేర్లు సదువుతుంటే నా సెయ్యి పట్టుకున్నావు."

నీ జాబు కోసం ఆగానని చెప్పాను. నీ ఫోను ఆపేసి ఉందని, నీ నోటితో నువ్వే చెప్పాలని కోరుకున్నానని చెప్పాను. చెబుతుంటేనే నా మాట నాకే నచ్చలేదు.

"ఆయన ఏటి రాసినా నాకు జరిగేది ఒకటే కదా. మరి ఎవుల కోసం ఆగినావు? ఆయన భయపడి అబద్ధమాడినాడు. నువ్వు నర్సువి. మా అమ్మ పోయిన రోజు నా పక్కన ఉన్నదానివి."

 నీ కోసం ఆగాను, అంతే. రెండు ఆదివారాలు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, నీ కోసం ఆగాను. నువ్వు నన్ను మోసం చేశావని జాబులో పేజీలకు పేజీలు రాసిన రోజుల్లోనే నేను ఆమెకి అదే చేస్తున్నాను.

ఉంగరం గుడ్డలో కట్టి నా చేతికిచ్చింది. భాస్కరరావు గారు లోపలి నుంచి బయటికి రాలేదు. నిన్న గుడిలో మూడో ప్రకటన చదవలేదు.  ఫ్లోరెన్స్ వచ్చింది. ముందు వరసలో పిల్లలతో కూర్చుంది. అయిపోయాక బయట నేను ఎదురుపడితే, "వందనాలు సిస్టరు గారూ" అని తప్పుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం క్లినిక్‌కి రాలేదు. ఇక రాదు.

నిన్ను క్షమించానని అనుకోకు. నీకు అక్క లేదనుకుంటే అనుకో, అది నీ ఇష్టం. కానీ 4.4తో ఒంటరిగా ఉండొద్దు. విశాఖపట్నంలో మేం రోగుల్ని పంపే డాక్టరు గారి దగ్గర పదకొండో తారీఖుకి నీ పేరు రాయించాను. మీ బావ వెంట వస్తారు. ఉద్యోగం సంగతి తర్వాత చూసుకుందాం. తొమ్మిదిన బయలుదేరి సోంపేటలో దిగు.

స్టేషన్ నుంచి ఇంటికి వచ్చేటప్పుడు బడి వీధిలోంచి రాకు. చుట్టూ తిరిగి తోటల వెనక నుంచి రా. ఆ పిల్ల రోజూ ఆ వీధిలోనే నడుస్తుంది.

ప్రేమ